నాన్న బాత్రూం గడియ తీసేయించాను, తప్పు చేశానా?

గాజువాక అమ్మాయి: నాన్నకి 61. నాలుక అంచున క్యాన్సర్ వస్తే ఎడమవైపు మెడలో గ్రంథులు కూడా తీసేశారు, తర్వాత 33 రేడియేషన్లు. అయి ఎనిమిది నెలలు. ఆవలింత వచ్చిందంటే చాలు, దవడ కింద కండరం పిక్క పట్టినట్టు పట్టేసి నిమ్మకాయంత గడ్డలా లేస్తుంది, నోరు మూయలేరు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. దానికి తోడు నెలలో రెండుసార్లు స్పృహ తప్పారు. ఒకసారి గడ్డం గీసుకుంటూ మెడ తిప్పినప్పుడు, ఇంకోసారి తెల్లవారి మంచం మీంచి లేవగానే. భయమేసి బాత్రూం గడియ ఊడదీయించాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

ఎంవీపీ మూర్తి: అమ్మా, ఇదంతా టెన్షన్. ఇంత పెద్ద జబ్బు చేశాక మనసు కుదుటపడదు. మెడకి గోరువెచ్చని నువ్వుల నూనెతో గట్టిగా మర్దన చెయ్యండి, పట్టేయడం పోతుంది, కళ్లు తిరగడమూ పోతుంది. మా బావగారికి అలాగే తగ్గింది.

స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్: మూర్తిగారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. నాకు ఇదే ఆపరేషన్ అయి నాలుగేళ్లు. మెడ పక్కన పెద్ద రక్తనాళం దగ్గర బీపీని కనిపెట్టే నరాలుంటాయి. ఆపరేషన్ మచ్చ, రేడియేషన్ వల్ల అక్కడ కండ బిగుసుకుపోతుంది. కొందరికి కాలర్ బిగుతైనా, మెడ తిప్పినా, అక్కడ నొక్కినా గుండె నెమ్మదించి బీపీ పడిపోతుంది. మీరు నొక్కమంటున్నది సరిగ్గా అక్కడే. అమ్మాయ్, నాన్నగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్లీ చూడండి. పై అంకె 20 తగ్గితే రాసిపెట్టుకుని డాక్టరుకి చూపించండి. నాకు 24 గంటల హోల్టర్ పెట్టారు, గుండె కొట్టుకోవడాన్ని రోజంతా రికార్డు చేసే చిన్న యంత్రం. థైరాయిడ్ కూడా చూశారు, మెడకి రేడియేషన్ పడితే అది మందగించవచ్చు. స్పృహ తప్పడం కొత్తగా మొదలైతే జబ్బు తిరగబెట్టిందేమో స్కాన్‌లో చూడాలి, అది వాయిదా వేయకండి. నరాల నొప్పి మాత్రలు వేసుకుంటున్నారా? వాటికీ కళ్లు తిరుగుతాయి. అన్నట్టు, గడియ మాత్రం తిరిగి పెట్టించండి.

అక్కయ్యపాలెం కోడలు: అంతా బాగా చెప్పి చివర్లో ఇదేంటండీ? మా అత్తగారు లోపల గడియ పెట్టుకుని పడిపోయారు. తలుపు పగలగొట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తుంటి విరిగి మళ్లీ లేవలేదు ఆవిడ. గడియ వద్దు.

ఎంవీపీ మూర్తి: గట్టిగా అంటే మరీ గట్టిగా కాదు. ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి.

స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్: ఆయనకి బీపీ మాత్రలున్నాయేమో తెలియకుండా ఉప్పు ఎలా చెప్తారు? కోడలుగారూ, మీ బాధ అర్థమైంది. కానీ నోట్లో నీళ్లు నిలవవు, మాట ముద్దగా వస్తుంది, తిన్నది చొక్కా మీద పడుతుంది, ఇంటికొచ్చిన ప్రతివాడూ మెడ వంక చూస్తాడు. మనిషికి మిగిలింది ఆ నాలుగు గోడలే. అదీ లాక్కుంటారా?

అక్కయ్యపాలెం కోడలు: లాక్కోవడం అంటారేంటి? పడిపోతే ఎత్తేది మీరా? మగవాళ్లకి పరువు, ఆడవాళ్లకి చాకిరీ. తెల్లవారుజామున చప్పుడైతే గుండె జారిపోయేది ఎవరికో మీకు తెలీదు.

స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్: తెలుసు. నా భార్య రాత్రంతా నా ఊపిరి లెక్కపెడుతుంది. మీ భయం తగ్గడానికి గడియ తీశామని చెప్పండి, ఒప్పుకుంటాను. ఆయన మంచికే అనకండి. ఆయన్ని ఒక్క మాట అడిగారా?

మద్దిలపాలెం ఫిజియో: గొడవ మధ్యలో ఒక మాట. పట్టేసినప్పుడు గడ్డం కిందికి దించి నెమ్మదిగా ఊపిరి తీసుకోమనండి. రోజూ చేసే మెడ, భుజం వ్యాయామాలు మానకూడదు. మరీ ఎక్కువైతే కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ కూడా ఉంది, డాక్టర్ని అడగండి. స్పృహ తప్పితే కూర్చోబెట్టకండి, పడుకోబెట్టి కాళ్లు పైకెత్తండి, నోట్లో నీళ్లు పోయకండి. నిమిషంలో తేరుకోకపోతే 108.

గాజువాక అమ్మాయి: అడగలేదండి. నాన్న పనికి వెళ్లిన టైం చూసి... కాదు, పనికెక్కడ వెళ్తున్నారు, మందుల షాపుకి వెళ్లినప్పుడు వడ్రంగిని పిలిచాను. దొంగతనంగా చేసినట్టే. నిజం చెప్పాలంటే నేను రెండు నెలలుగా నైట్ డ్యూటీలు వదులుకున్నాను, జీతం కోత. అన్నయ్య హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "జాగ్రత్తగా చూసుకో" అని పెట్టేస్తాడు. నాన్న పడిపోతే ఆ నేరం నా ఒక్కదాని నెత్తిన పడుతుందనే తీశాను గడియ.

అక్కయ్యపాలెం కోడలు: ఇదీ అసలు సంగతి. నాకూ ఇదే జరిగిందమ్మా. మా ఆడపడుచులు ఇప్పటికీ "ఎక్కడున్నావు అప్పుడు" అంటారు.

స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్: అమ్మాయ్, నేను కాస్త గట్టిగా మాట్లాడాను. బయటినుంచి రూపాయి బిళ్లతో తిప్పితే తెరుచుకునే గడియలు దొరుకుతాయి, మా ఇంట్లో అదే. లోపల ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని గడ్డం గీసుకుంటాను, మెడ తిప్పను, అద్దాన్నే పక్కకి జరుపుతాను. వేడినీళ్లు ఎక్కువసేపు పోసుకోను.

ఎంవీపీ మూర్తి: నూనె వల్ల బావగారికి తగ్గిన మాట నిజమేనమ్మా. కానీ ఆయనది మెడ ఆపరేషన్ కాదు, నడుం నొప్పి. అది ముందే చెప్పాల్సింది.

గాజువాక అమ్మాయి: ఇందాక ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. అద్దం సంగతి దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. అన్నయ్యకీ పంపాను, ఇంకా చూడలేదు.