టెక్సస్‌లో ఇంటి చదువు: బడి మాన్పించేటప్పుడు చట్టం ఏమి అడుగుతుంది?

ప్రశ్న:
మా అబ్బాయి ప్రభుత్వ బడిలో మూడో తరగతి చదువుతున్నాడు. వచ్చే నెల నుంచి వాడికి ఇంట్లోనే చదువు చెప్పాలని మేమిద్దరం నిర్ణయించుకున్నాము. బడి ఆఫీసులో ఈ సంగతి చెబితే, ఒక ఫారం చేతికిచ్చి, ఏ పుస్తకాలతో చెబుతామో అవన్నీ తెచ్చి చూపించాలన్నారు. నాకు టీచర్ సర్టిఫికెట్ లేదు. రాష్ట్రానికి దరఖాస్తు పెట్టుకోవాలా, ఏటా పరీక్షలు రాయించాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
దరఖాస్తు, పరీక్షలు, టీచర్ సర్టిఫికెట్, వీటిలో ఏదీ అవసరం లేదండి. లీపర్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన తీర్పు ప్రకారం, సరిగా నడిచే ఇంటి చదువు ప్రైవేటు బడితో సమానం. అయితే చదువు పేరుకు మాత్రమే కాక నిజంగా సాగాలి. పాఠాలు పుస్తకం, వర్క్‌బుక్, కంప్యూటర్ తెర వంటి కంటికి కనిపించే రూపంలో ఉండాలి. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం అనే 5 అంశాలు అందులో తప్పక ఉండాలి. చాలామంది చివరిదాన్ని మరిచిపోతారు. నేను ఎన్నికలప్పుడు నమూనా బ్యాలెట్‌ను భోజనాల బల్ల మీద పరిచి, ఒక్కో పదవిలో ఉన్నవారు ఏ పని చేస్తారో మా పిల్లల చేత చదివించి రాయించాను. సైన్సు, చరిత్ర ఆ జాబితాలో లేవు కానీ, వాటిని వదిలేయడం పిల్లలకు అన్యాయమని నా అభిప్రాయం.

సమాధానం 2:
పుస్తకాలు చూపించనక్కరలేదు, బడికి స్వయంగా వెళ్లనక్కరలేదు. ఫలానా తేదీ నుంచి బాబుకు ఇంట్లో చదువు చెబుతున్నామని, పైన చెప్పిన అంశాలన్నీ మా కరిక్యులంలో ఉన్నాయని రాసి, తేదీ వేసి, సంతకం చేసి పంపితే సరిపోతుంది. ఈమెయిల్‌లో పంపితే ఎప్పుడు పంపారన్నదానికి ఆధారం మిగులుతుంది.

కానీ ఉత్తరం ముందు, మాన్పించడం తరువాత. నేను ఇక్కడే పొరపాటు పడ్డాను. మా అమ్మాయిని సోమవారం నుంచి బడికి పంపడం మానేసి, ఉత్తరం మరుసటి వారం పంపాను. ఆ మధ్య రోజులన్నీ కారణం లేని గైర్హాజరుగా నమోదై, ఇంటికి హెచ్చరిక లేఖ వచ్చింది. ఆరు నెలల్లో అలాంటివి 10 రోజులు పడితే విషయం కోర్టు దాకా వెళ్లవచ్చు. రెండు ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి సరిచేయించుకునేసరికి నాకు మూడు వారాలు పట్టింది.

సమాధానం 3:
సెప్టెంబరు 1 నాటికి ఆరేళ్లు నిండిన పిల్లల నుంచి 19వ పుట్టినరోజు దాకా నిర్బంధ హాజరు చట్టం వర్తిస్తుంది. తరువాత ఎప్పుడైనా మళ్లీ ప్రభుత్వ బడిలో చేర్చాలనుకుంటే, ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తేల్చడానికి వారు పరీక్ష పెట్టవచ్చు. అందుకే వాడు పూర్తిచేసిన వర్క్‌బుక్‌లను తేదీలతో సహా దాచి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఫారం నింపకుండా, ఈ రాత్రికే ఉత్తరం రాసి ఈమెయిల్‌లో పంపుతాను. బడి నుంచి జవాబు అందేదాకా బాబు యథాప్రకారం తరగతికి వెళ్తాడు.