మిద్దె మీద సోలార్: వాటర్ ట్యాంకు నీడకు ఏం చెయ్యాలి?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులకూ మోటార్లకూ 20 కిలోవాట్ల సోలార్ అనుకుంటున్నాం: 550 వాట్ల ప్యానెళ్లు 36, పద్దెనిమిదేసి చొప్పున రెండు స్ట్రింగులు (వరుసగా కలిపిన ప్యానెళ్ల గొలుసులు). చిక్కల్లా మధ్యాహ్నం 3 దాటాక ట్యాంకు నీడ తూర్పు పక్కనున్న ఆరింటి మీద పడటం. ఆ ఆరింటినీ విడిగా ఒక ఎంపీపీటీకి (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే ఇన్వర్టర్ ఇన్‌పుట్‌కి) కలిపితే వచ్చేది 250 వోల్టులే. నీడలో బైపాస్ డయోడ్లు (నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారి పట్టించేవి) పని మొదలెడితే, ఇన్వర్టర్‌కు కనీసం కావాల్సిన 200 వోల్టుల కిందికి జారుతుంది. కాంట్రాక్టరేమో "ఏం కాదు సార్" అంటాడు, అన్నిటికీ అదే మాట!

ఆ ఆరింటికే ఆప్టిమైజర్లు (ఒక్కో ప్యానెల్‌కు విడిగా బిగించి, దాన్నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే పరికరాలు) పెడితే చాలా, స్ట్రింగు మొత్తానికీ పెట్టాలా? లేక వాటిని వదిలేసి పదిహేనేసి చొప్పున 16.5 కిలోవాట్లతో సరిపెట్టుకోవడమే మేలా? కేంద్రం అపార్ట్‌మెంట్లకిచ్చే కిలోవాటుకు 18,000 సబ్సిడీ కూడా ఆ మేరకు తగ్గుతుంది మరి. ఇలాంటి నీడతోనే నడుపుతున్నవాళ్లు స్ట్రింగువారీగా రోజుకెన్ని యూనిట్లొస్తున్నాయో చెప్పగలరా?