అలీ గొప్పతనంలో ఫ్రేజియర్ వాటా ఎంత?

ఎడమ హుక్:
1975లో అలీ, ఫ్రేజియర్ మూడోసారి తలపడిన మనీలా బాక్సింగ్ ఫైట్ మొత్తం మళ్ళీ చూశాను. చూశాక నిద్ర పట్టలేదు. మహమ్మద్ అలీని మించిన హెవీవెయిట్ లేడని చిన్నప్పటి నుంచి వింటున్నాం. జో ఫ్రేజియర్ గురించి మాత్రం ‘అలీతో మూడుసార్లు తలపడ్డాడు’ అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాం. ఇది అన్యాయం.

1971 మార్చి 8, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అప్పటిదాకా ఇద్దరికీ ఓటమి అంటే తెలియదు. చెరి 25 లక్షల డాలర్లు. పదిహేనో రౌండ్‌లో ఫ్రేజియర్ ఎడమ చేతి హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) దవడకి తగిలి అలీ వెల్లకిలా పడ్డాడు. ప్రొఫెషనల్ రింగ్‌లో అలీని మొదట ఓడించింది ఫ్రేజియరే. ఆ చెయ్యి కథ తెలుసా? చిన్నప్పుడు సౌత్ కరోలినాలో ఒక పంది తరిమితే పడి దెబ్బ తగిలింది. వైద్యానికి డబ్బుల్లేవు. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపడానికి రాలేదు. అలా వంగిపోయిన చేత్తోనే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఫైనల్‌ని విరిగిన బొటనవేలితో గెలిచాడు. ఎడమ కన్ను సరిగా కనపడేది కాదు.

ఫ్రేజియర్ లేకపోతే మనం చెప్పుకునే అలీ ఉండేవాడా? మీరేమంటారు?

కింషాసా 74:
హుక్ గారూ, ఫ్రేజియర్ మీద నాకూ గౌరవం ఉంది. కానీ 1971 ఫైట్ గురించి చెబుతూ దానికి ముందు జరిగింది వదిలేస్తే ఎలా? 1967 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో, వియత్నాం యుద్ధం రోజుల్లో, సైన్యంలో చేరనని అలీ తేల్చి చెప్పాడు. టైటిల్ తీసేశారు, బాక్సింగ్ లైసెన్సులు పోయాయి, ఐదేళ్ళ జైలుశిక్ష పడింది. అప్పీల్ నడుస్తుండగా బయట ఉన్నాడు గానీ, రింగ్‌కి మూడున్నరేళ్ళు దూరం. పాతికేళ్ళ నుంచి ఇరవై ఎనిమిది దాకా, కాళ్ళు గాలిలో తేలాల్సిన వయసంతా అలా పోయింది. తిరిగొచ్చాక క్వారీతో ఒకటి, బొనవేనాతో ఒకటి, రెండే ఫైట్లు ఆడి ఫ్రేజియర్ ముందు నిలబడ్డాడు. సుప్రీంకోర్టు 8-0తో ఆ శిక్ష కొట్టేసింది 1971 జూన్‌లో, అంటే ఓడిపోయిన తర్వాత.

ఇక అప్పటి మరో హెవీవెయిట్ ఫోర్‌మన్ సంగతి. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో రెండు రౌండ్లలో ఫ్రేజియర్‌ని ఆరుసార్లు పడగొట్టాడు. మరుసటి ఏడాది అక్టోబరులో అదే ఫోర్‌మన్‌ని అలీ ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. లిస్టన్‌నీ, ఫోర్‌మన్‌నీ ఎవరూ కొట్టలేరని అందరూ అనుకున్న రోజుల్లోనే కొట్టాడు. ఫ్రేజియర్ గెలిచినవాళ్ళలో అలీ తప్ప ఆ స్థాయి మనిషి ఎవరు?

ఎడమ హుక్:
క్వారీ, ఎలిస్, బొనవేనా. ముగ్గురినీ రెండేసి సార్లు ఓడించాడు. లిస్టన్, ఫోర్‌మన్ అంత పెద్ద పేర్లు కావు, ఒప్పుకుంటాను. కానీ కెరీర్ మొత్తంలో ఓడింది నాలుగుసార్లే. రెండు అలీ చేతిలో, రెండు ఫోర్‌మన్ చేతిలో. ఇంకో మనిషి ఓడించలేదు. అలీని 1973లో నార్టన్ దవడ విరగ్గొట్టి మరీ ఓడించాడు కదా.

మీరు చెప్పిన మూడున్నరేళ్ళ దగ్గరే నాకు బాధ. అప్పుడు అలీకి డబ్బు ఇచ్చి ఆదుకున్నది ఫ్రేజియర్. లైసెన్స్ తిరిగి ఇవ్వమని అతని తరఫున అడిగిందీ ఫ్రేజియరే. దానికి ప్రతిఫలం? తెల్లవాళ్ళకు ఊడిగం చేసే నల్లవాడనే అర్థంలో ‘అంకుల్ టామ్’ అన్నాడు. మనీలాకి ముందు ‘గొరిల్లా’ అంటూ రబ్బరు బొమ్మ పట్టుకుని విలేకరుల ముందు గుద్దాడు. సౌత్ కరోలినా పొలాల్లో పుట్టి, ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేసి పైకొచ్చినవాణ్ణి, తన జాతి ముందే పరాయివాణ్ణి చేశాడు. టిక్కెట్లు అమ్మడానికే అన్నాడంటారు. ఆ మాటలు పడ్డవాడికి ఆ తేడా ఉంటుందా?

కార్నర్‌మ్యాన్:
నేను పిల్లలకి బాక్సింగ్ నేర్పిస్తాను. రింగ్‌లో జరిగినదాని గురించే చెబుతాను.

అలీ, ఫ్రేజియర్‌ల రెండో ఫైట్‌ని, 1974 జనవరిలో జరిగినదాన్ని, ఎవరూ పట్టించుకోరు. అలీ పట్టుకుని వేలాడి గెలిచాడని ఫ్రేజియర్ అభిమానులు అంటారు. అలీ, ఫ్రేజియర్ మెడ మీద చెయ్యి వేసి కిందికి లాగుతూనే ఉన్నాడు, రెఫరీ టోనీ పెరెజ్ ఊరుకున్నాడు, నిజం. కానీ రెండో రౌండ్‌లో అలీ కుడి చెయ్యి తగిలి ఫ్రేజియర్ తూలినప్పుడు, గంట మోగిందనుకుని మధ్యలో దూరి విడదీసింది కూడా అదే పెరెజ్. అప్పుడే అయిపోయి ఉంటే మనీలా ఉండేదే కాదేమో.

మనీలాలో ఎండ మండిపోతుండగా పొద్దున మొదలుపెట్టారు, అమెరికాలో టీవీ సమయం కోసం. పదమూడో రౌండ్‌లో ఫ్రేజియర్ నోట్లో గార్డ్ ఎగిరిపోయింది. పద్నాలుగోలో కుడి కన్ను మూసుకుపోయింది. ఎడమ కన్ను ముందే అంతంత మాత్రం. అంటే వచ్చే దెబ్బ ఎటు నుంచి వస్తుందో కనపడడం లేదు. ట్రైనర్ ఎడ్డీ ఫచ్ ఇక చాలన్నాడు, ఫ్రేజియర్ వద్దని లేవబోయాడు, ఫచ్ కూర్చోబెట్టాడు. రింగ్‌లో ప్రాణాలు పోవడం చూసినవాడు ఫచ్. తీర్పు ఇచ్చే ముగ్గురి స్కోర్‌కార్డుల్లోనూ అలీదే ముందంజ, కాబట్టి గెలుపు చేజారిందని అనలేం. నా పిల్లలకి ముందు చూపించేది ఆ కార్నర్‌నే, అంటే రౌండ్ల మధ్య ట్రైనర్ బాక్సర్‌ని చూసుకునే రింగ్ మూలనే. బాక్సర్ వద్దంటున్నా ఆపగలిగే మనిషి వెనక ఉండాలి. 1980లో హోమ్స్‌తో పదో రౌండ్ దాకా అలీ పడ్డ దెబ్బలు చూస్తే, అలాంటి మనిషి అతనికి ఇంకా ముందే అవసరమని అనిపిస్తుంది.

మద్రాసు జ్ఞాపకం:
1980లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన ఫైట్ ఆడాడు. మా నాన్న నెల్లూరు నుంచి వెళ్ళి చూశారు. బాక్సింగ్ అంటే ఏంటో ఆయనకి తెలియదు. అలీ తెలుసు, అంతే. ఫ్రేజియర్ కోసం ఎవరైనా నెల్లూరు నుంచి రైలెక్కుతారా? ఇది ఫ్రేజియర్ తప్పు కాదు. కానీ మిగిలిపోయిన పేరు గురించి మాట్లాడుతున్నప్పుడు ఇదీ లెక్కే కదండీ.

కింషాసా 74:
హుక్ గారూ, ఆ మాటల విషయంలో నేను అలీని సమర్థించను. 2001లో ఆవేశంలో అనకూడనివి అన్నానని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. పేపర్ ద్వారా చెప్పాడు, నేరుగా చెప్పలేదని ఫ్రేజియర్ నొచ్చుకున్నాడు. నొచ్చుకోడం న్యాయమే. 2011 నవంబరులో ఫ్రేజియర్ అంత్యక్రియలకి పార్కిన్సన్స్ జబ్బుతో ఉన్న అలీ వచ్చాడు.

అయినా నా అభిప్రాయం అదే. ఉన్నదంతా పోతుందని తెలిసీ యుద్ధానికి నో చెప్పినవాడు ఇద్దరిలో అలీ ఒక్కడే. బాక్సింగ్‌ని దాటి మిగిలింది అదే.

ఎడమ హుక్:
కార్నర్‌మ్యాన్ గారూ, 74 రెండో రౌండ్ మళ్ళీ చూశాను. మీరన్నట్టే ఫ్రేజియర్ గట్టిగా తూలాడు. ఆ ఫైట్ దోచుకున్నారని ఇన్నాళ్ళూ వాదించాను, ఇక వాదించను.

నెల్లూరు రైలు సంగతికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి చెబుతాను. ఫిలడెల్ఫియాలో రాకీ అనే ఒక సినిమా బాక్సర్‌కి దశాబ్దాలుగా విగ్రహం ఉంది. అదే ఊళ్ళో బ్రతికి, నార్త్ బ్రాడ్ స్ట్రీట్‌లో తన జిమ్ పైనే కాపురం ఉండి, అక్కడి కుర్రాళ్ళకి బాక్సింగ్ నేర్పిన నిజమైన చాంపియన్‌కి విగ్రహం పెట్టింది 2015లో. అప్పటికి పోయి నాలుగేళ్ళు.