గువామన్ పోమా చేతిరాత ప్రతి: ఏ పుట సంఖ్య ఇవ్వాలి?

స్పానిష్ వలసపాలన అకృత్యాలను ఆండీస్ మూలవాసి గువామన్ పోమా 1615 ప్రాంతంలో మూడో ఫిలిప్ రాజుకు దాదాపు 1,200 పుటల్లో, 398 బొమ్మలతో రాశాడు. మూలప్రతి కోపెన్‌హేగన్ రాయల్ లైబ్రరీలో ఉంది. దీన్ని తెలుగు వ్యాసాల్లో ఉటంకించడంలో ఒక చిక్కుంది, తెలిసినవారు చెప్పండి.

ఆయన వేసుకున్న పుట సంఖ్యలు మధ్యమధ్యలో తప్పాయి. కహమార్కా నగరంలో ఇన్కా చక్రవర్తి అతహువాల్పా బొమ్మ ఆయన లెక్కలో 384, సరిచేసిన లెక్కలో 386. ప్రపంచపటం మొదలయ్యేది 983లో, సరిచేస్తే 1001లో. తేడా స్థిరంగా లేదు కాబట్టి ఏదో ఒక అంకె కూడి సరిపెట్టలేం. ఒక్క సంఖ్యే ఇస్తే పాఠకుడు వేరే పుటకు పోతాడు. 384 [386] అని రెండూ ఇవ్వడమే మేలనిపిస్తోంది. మొత్తం ప్రతికి రెండు లెక్కలనూ జతచేసిన పట్టిక ఎక్కడైనా దొరుకుతుందా?

ఇంకొకటి: ఆ పటం ఎదురెదురు పుటల్లో పరుచుకుంది, ఇన్కాల రాజధాని కుస్కో సరిగ్గా నడుమ. స్కాన్లేమో విడివిడి పుటలు. అంచు కత్తిరించి అతికిస్తే నగరమే చెదురుతుంది. ఆయన వాదనకు ఆయువుపట్టు అదే. పైన ఆంతిసుయు (ఇన్కా సామ్రాజ్యపు తూర్పు భాగం), కింద సముద్రం ఉండాలి, ఉత్తరం పైకి వచ్చేలా తిప్పకూడదు. అచ్చులో మడత దగ్గర ఎంత ఖాళీ వదలాలి?