‘దియెన్ బియెన్ ఫూ’ చిత్రంలో గెలిచినవారు ఎందుకు కనబడరు?

ప్రశ్న:
పియర్ షోండర్‌ఫర్ 1992లో తీసిన ‘దియెన్ బియెన్ ఫూ’ చిత్రాన్ని ఈ మధ్యనే చూశాను. ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాం, లావోస్, కంబోడియాలలో) ఫ్రెంచి వలస సైన్యం చేసిన ఆఖరి పెద్ద పోరాటాన్ని, అంటే దియెన్ బియెన్ ఫూ లోయలో 1954 మార్చి 13 నుంచి మే 7 వరకు సాగిన ముట్టడిని, అది చూపిన తీరు నన్ను చాలా కదిలించింది. అయితే రెండు సంగతులు అర్థం కాలేదు. కందకాలలో మనుషులు చనిపోతూ ఉంటే కథ మాటిమాటికీ హనోయ్‌లోని సంగీత కచేరీకి ఎందుకు వెళుతుంది? గెలిచిన వియెత్‌మిన్ (వియత్నాం స్వాతంత్ర్యం కోసం పోరాడిన కూటమి) సైనికుల ముఖాలు అంత తక్కువగా ఎందుకు కనబడతాయి?

సమాధానం 1:
మీ రెండో ప్రశ్నకు జవాబు దర్శకుడి జీవితంలోనే ఉంది. ఆయన ఆ ముట్టడిలో సైన్యం తరఫున కెమెరా పట్టినవారు. ఓటమి ఖాయమయ్యాక తన కెమెరాను తానే ధ్వంసం చేసి, బందీగా వెళ్ళారు. లోయలో ఉన్నవారికి శత్రువు కనబడలేదు, వినబడ్డాడంతే. వియెత్‌మిన్ సేనాని జనరల్ జియాప్ సేనలు ఫిరంగులను చేతులతో కొండల మీదికి లాగి, వాలులలో తవ్విన గుహలలో దాచాయి. వాటి నోరు మూయిస్తానని నమ్మబలికిన ఫ్రెంచి ఫిరంగిదళాధిపతి పిరోత్, దాడి మొదలైన కొద్ది రోజులకే గ్రెనేడుతో ప్రాణం తీసుకున్నాడు. కనబడని శత్రువును కనబడనట్లుగానే చూపడం నా దృష్టిలో నిజాయితీ.

సమాధానం 2:
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. కందకంలోని సైనికుడి చూపు అదే కావచ్చు గాని, ఈ చిత్రాన్ని వియత్నాం గడ్డ మీదనే, ఆ దేశ సైన్యం సహకారంతో తీశారు. సైకిళ్ళ మీద బియ్యం, మందుగుండు మోసుకొచ్చిన వేలాది కూలీలను చూపకపోతే ఆ ఫిరంగులు విధి విసిరిన పిడుగుల్లా తోస్తాయి. అవి మనుషుల చెమటతో వచ్చినవి. ఇంకొక లోటు కూడా నన్ను బాధిస్తుంది. ఆ దండులో ఫ్రాన్సు నుంచి వచ్చినవారికంటే విదేశీ దళంవారు (ఫ్రెంచి సైన్యంలో చేరిన ఇతర దేశాలవారు), మొరాకో, అల్జీరియా సైనికులు, ఆ కొండప్రాంతపు తాయ్ తెగవారు, వియత్నాం జవాన్లు కలిపి ఎక్కువమంది. అదే ఏడాది నవంబరు 1న అల్జీరియాలో కూడా ఫ్రెంచి పాలన మీద తిరుగుబాటు మొదలైందని తలచుకుంటే, ఆ సైనికుల మనసులో ఏముందో ఇంకొంచెం నిలబడి చూడవలసింది అనిపిస్తుంది.

సమాధానం 3:
కచేరీ సంగతి చెబుతాను. మార్చి చివరికి రన్‌వే మూతపడింది, అటుపైన గాయపడినవారిని తీసుకువెళ్ళే దారి లేదు, తిండైనా గుండైనా పారాచ్యూటుతో దిగవలసిందే. అక్కడ ఆ స్థితి, ఇక్కడ దీపాల వెలుగులో వాయులీనం. జార్జ్ డెలెర్యూ ఆ చిత్రానికి కూర్చిన సంగీతానికి పేరే ‘వీడ్కోలు కన్చెర్టో’ (కన్చెర్టో అంటే వాద్యబృందం తోడుగా ఒక వాద్యం ముఖ్యంగా పలికే రచన). అది లోయలో చనిపోతున్నవారికి మాత్రమే చెప్పిన వీడ్కోలు కాదని నా అభిప్రాయం. జులైలో ఇండోచైనా యుద్ధాన్ని ఆపే జెనీవా ఒప్పందం కుదిరి, దాని అమలును చూసే అంతర్జాతీయ కమిషన్‌కు మన దేశం అధ్యక్షత వహించింది. అక్టోబరు 10న వియెత్‌మిన్ సేనలు హనోయ్‌లో అడుగుపెట్టాయి. ఆ హాలులో కూర్చుని చప్పట్లు కొట్టిన ఫ్రెంచి ప్రేక్షకులకు అప్పటికి ఆ నగరంలో మిగిలినవి ఐదారు నెలలే.