అప్‌డేట్: పాత బ్రాడ్‌వే నాటకం ఫొటో సంగతి

న్యూజెర్సీలో పాత సామాన్ల సంతలో కొన్న బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలున్న ప్రాంతం) నాటకం ఫొటో నడుస్తున్న ప్రదర్శనలో తీసిందా, తీసిందెవరు అని అడిగాను కదా, చాలావరకు తేలింది. కింది మూల చూడమని ఒకరన్నారు, భూతద్దం పెడితే తెల్లగా 'వైట్, ఎన్.వై.' అని కనిపించింది! అంటే న్యూయార్క్‌లోని వైట్ స్టూడియో, అప్పట్లో బ్రాడ్‌వే నాటకాల ఫొటోలకు పెద్ద పేరు వాళ్లదే.

ప్రదర్శనలో తీసింది మాత్రం కాదు. ఆనాటి కెమెరాల్లో ఫిల్మ్‌కు బదులు వాడే గాజు ప్లేట్లకు స్టేజీ లైట్లు చాలవు, వెలుగు కోసం మెగ్నీషియం పొడి భగ్గుమనిపించాలి, దాంతో పొగ... టికెట్ కొన్న జనం ఊరుకుంటారా? అందుకే ప్రేక్షకులు లేనప్పుడు నటుల్ని సీన్‌లో ఉన్నట్టే కదలకుండా నిలబెట్టి తీసేవారు. నా ఫొటోలో హీరోయిన్ నీడ వెనక పరదా మీద గీసిన ఆకాశంపై నల్లగా పడింది, అంటే ముందు నుంచి ఫ్లాష్ వెలిగిందన్నమాట, ఇంకేం సాక్ష్యం కావాలి!

వీళ్లకంటే ముందే, 1890ల్లో, జోసెఫ్ బైరన్ ఈ ఫ్లాష్ పద్ధతిలో స్టేజీ ఫొటోలు తీశాడట. నాకైతే ఆయనవే ఎక్కువ నచ్చాయి, అవి మ్యూజియం ఆఫ్ ది సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో ఉన్నాయి.

నాటకం పేరు ఇంకా దొరకలేదు. వైట్ వాళ్ల చిన్న ప్రింట్ల షీట్లు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి కాబట్టి, ఇక అక్కడే వెతకాలి.