వర్గమా, శీర్షికా, అంశమా? బ్లాగులో ‘కేటగిరీ’ని ఏమందాం

ప్రశ్న:

అందరికీ నమస్కారం. పద్యాలు, వ్యాకరణం, పుస్తకాల మీద కొంతకాలంగా ఒక బ్లాగు రాస్తున్నాను. టపాలు, అంటే అందులో రాసే ఒక్కో రచన, బాగా పెరిగాయి. వాటిని విషయాల వారీగా సర్ది, ఎవరికి ఏ విషయం ఇష్టమో ఆ ఫీడ్‌కే (కొత్త టపాలను చదివేవారికి అందించే జాబితాకే) చందా కట్టుకునే వీలు కల్పించాలని ఉంది. పక్కన ‘వర్గాలు’ అని పెడితే చదివేవారిలో ఒకరు, “ఈ మాట వింటే ముఠాలు గుర్తొస్తున్నాయి, శీర్షికలు అనండి” అన్నారు. ఇంకొకరు ‘అంశాలు’ అన్నారు. మీరేమంటారు? అలాగే ‘ఫీడ్’కి మంచి తెలుగు మాట ఉందా?

మొదటి జవాబు:

‘వర్గం’ ఉంచండి. వర్గపోరు, వైరివర్గం అని వార్తల్లో వినీ వినీ మనకు ముఠా అర్థమే ముందు తడుతోంది గానీ, ఆ మాట అసలు పని మీరు చేయబోయే పనే.

అమరసింహుడు రాసిన సంస్కృత నిఘంటువు అమరకోశం రెండో కాండ, సింహాదివర్గం చివర గుంపుల పేర్లు వరసగా వస్తాయి. అక్కడ ఒక పాదం ఇలా ఉంటుంది:

వృందభేదాః సమైర్వర్గః సంఘసార్థౌ తు జంతుభిః

గుంపుల్లో తేడాలు చెబుతున్నాడు. సమానమైనవి ఒకచోట చేరితే వర్గం. ప్రాణులు చేరితే సంఘం, సార్థం. ఆ తర్వాత ఒకే జాతివి చేరితే కులం, పశువుల గుంపు సమజం, తక్కినవారిది సమాజం, ఒకే ధర్మం పాటించేవారిది నికాయం అంటూ వెళ్లి, పుంజం, రాశి దగ్గరికి వస్తాడు. అవి కుప్పకు పేర్లు. పోలిక చూసి చేర్చినదానికి ఒక మాట, పోగుపడినదానికి మరో మాట. మీ బ్లాగులో ఇప్పటిదాకా ఉన్నది రాశి. మీరు చేయబోతున్నది వర్గం. ‘సమైః’ అన్న ఒక్క మాటలో కేటగిరీకి కావాల్సిన నిర్వచనం మొత్తం ఉంది. నాకు ఈ పాదం అంటే చాలా ఇష్టం.

ఆ పుస్తకం నడిచిందే వర్గాల మీద: స్వర్గవర్గం, కాలవర్గం, నాట్యవర్గం, వనౌషధివర్గం. మన పైడిపాటి లక్ష్మణకవి తెలుగు నిఘంటువు ‘ఆంధ్రనామసంగ్రహం’ కూడా అంతే, దేవవర్గు, మానవవర్గు, స్థావరవర్గు అని సాగుతుంది. చదివేవాడు వెతుక్కోవడానికి వీలుగా విషయాన్ని సర్దడం అనే పనికి తెలుగులో ఈ మాట ఎప్పటినుంచో వాడుకలో ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిన అవసరమేమీ లేదు.

‘శీర్షిక’తో ఇబ్బంది వేరు. ప్రతి టపాకీ ఒక శీర్షిక ఉంటుంది కదా. టపా పేరూ శీర్షికే, దాన్ని పెట్టిన గూడూ శీర్షికే అయితే ఒకే పేజీలో ఒక మాట రెండు పనులు చేయాల్సి వస్తుంది. పత్రికల్లో క్రమం తప్పకుండా వచ్చే రచనను శీర్షిక అంటారు. మీరు వారం వారం ఒక పద్యం గురించి రాస్తుంటే దాన్ని శీర్షిక అనవచ్చు. అది వర్గం కాదు, వరస.

రెండో జవాబు:

పైవారితో సగమే ఏకీభవిస్తాను. చదివేవారందరూ అమరకోశం చూసి రారండి. ‘అంశాలు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది, ముఠా వాసన కూడా ఉండదు. ఇంకో సందేహం. ఒక పద్యంలో ఉన్న సంధి గురించి రాస్తే అది పద్యాల్లోకి వెళ్లాలా, వ్యాకరణంలోకా? ‘సమానమైనవి’ అనుకున్నంత తేలిగ్గా తేలవు. నేను అలాంటివన్నీ రెండు మూడు చోట్లా పెట్టేస్తాను.

మొదటి జవాబు ఇచ్చినవారు:

మీ సందేహం అసలైనది. ‘అంశం’ మంచి మాటే, కాదనను. కాకపోతే అంశమంటే టపా దేని గురించో చెప్పే మాట. ఒక టపాలో నాలుగు అంశాలుండొచ్చు. వర్గం అంటే ఆ టపా ఉండే చోటు. ఈ రెండూ వేరని మన అక్షరమాలే చూపిస్తుంది.

‘త’ ఎక్కడుంటుంది? త, థ, ద, ధ, న అనే వర్గంలో. పలికే చోటును బట్టి చేసిన విభజన అది. ‘క’ నుంచి ‘మ’ దాకా ప్రతి హల్లూ ఒక్క వర్గంలోనే ఉంటుంది. అదే ‘త’ పరుషం కూడా. క, చ, ట, త, ప అనేవి ఐదు వర్గాల్లోంచీ ఒక్కొక్కటి ఏరి తెచ్చినవి. గసడదవాదేశ సంధి చెప్పేటప్పుడు వర్గంతో పని లేదు, పరుషమా కాదా అన్నదే కావాలి. వర్గం నిలువుగా కోస్తే పరుషం, సరళం అడ్డంగా కోస్తాయి. బ్లాగులో కేటగిరీకి, ట్యాగ్‌కి (టపాకి తగిలించే గుర్తు మాటకి) ఉన్న తేడా సరిగ్గా ఇదే. పద్యంలో సంధి గురించిన టపాను ‘వ్యాకరణం’ వర్గంలో ఒక్కచోటే ఉంచి, ఆ కవి పేరు, ఛందస్సు, సంధి పేరు ట్యాగులుగా తగిలిస్తే చాలు. అన్ని వర్గాల్లోనూ పెడుతూ పోతే కొన్నాళ్లకు ప్రతి వర్గమూ మళ్లీ రాశే అవుతుంది. రెండు ఫీడ్‌లకు చందా కట్టినవారికి అదే టపా రెండుసార్లు వస్తుంది కూడా.

పలు చోట్లకు చెందే మాటల ఇబ్బంది అమరసింహుడికీ వచ్చింది. ‘హరి’ అంటే విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, చంద్రుడు, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప, ఇంకా కొన్ని. అలాంటివాటికి మూడో కాండలో నానార్థవర్గం పెట్టి, చివరి అక్షరాన్ని బట్టి వరసలో పేర్చాడు. అంటే అడ్డంగా వెతకడానికి వేరే సూచిక కట్టాడు. అదే కాండలో సంకీర్ణవర్గం కూడా ఉంది. కాబట్టి మీకూ ఒక ‘సంకీర్ణం’ ఉంటే తప్పులేదు, ‘వర్గీకరించనివి’ అని వదిలేయడం కంటే అది మేలు. అందులో ఒకే రకం టపాలు పెరుగుతుంటే వాటికి విడిగా వర్గం పెట్టే సమయం వచ్చిందన్నమాట.

ఇక ఫీడ్. ‘ధార’, ‘ప్రవాహం’ అని కొందరు వాడడం చూశాను. వినడానికి బాగున్నాయి గానీ జరిగేది అది కాదు. ఫీడ్ అంటే తాజా టపాల జాబితా ఉన్న ఒక ఫైలు. ఒక చిరునామాలో ఉంటుంది. చందాదారు వాడే రీడర్ అప్పుడప్పుడూ అక్కడికి వచ్చి, కొత్తది ఉందా అని అడిగి, ఉంటే తీసుకెళ్తుంది. లేకపోతే ‘మారలేదు’ అన్న జవాబు అందుకుని వెళ్లిపోతుంది. మన వైపు నుంచి ఏదీ ప్రవహించదు. ఫీడ్ రాసే పద్ధతుల్లో ఒకటైన ఆర్‌ఎస్‌ఎస్‌ను 1999లో నెట్‌స్కేప్ మొదటిసారి తెచ్చినప్పటి నుంచీ, 2002 నాటి ఆర్‌ఎస్‌ఎస్ 2.0లోనూ, 2005లో ప్రమాణంగా వచ్చిన ఆటమ్ అనే మరో పద్ధతిలోనూ జరిగేది ఇదే. అందుకే ‘తాజా పట్టీ’ అంటే అర్థానికి దగ్గరగా ఉంటుంది. లేదా హాయిగా ‘ఫీడ్’ అనే ఉంచండి, అందరూ అంటున్నదే. ‘చందా’ మాత్రం వదలకండి. డబ్బు లేకపోయినా, తానుగా కోరి తెప్పించుకోవడం అన్న భావం అందులో ఉంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా సంతోషమండీ. ‘వర్గాలు’ అనే ఉంచుతాను: పద్యాలు, వ్యాకరణం, పుస్తకాలు, సంకీర్ణం. బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వాడుతున్నాను కాబట్టి ప్రతి వర్గానికీ ఫీడ్ దానంతటదే వస్తోంది. రెండు సందేహాలు. వర్గం చిరునామా కూడా తెలుగులోనే ఉండాలా? ఫీడ్‌లో టపా మొత్తం ఇవ్వాలా, సారాంశం చాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

పేరు తెలుగులో పెట్టి, చిరునామా మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వండి. చిరునామాను ఎవరికైనా పంపినప్పుడు చాలాచోట్ల తెలుగు అక్షరం ఒక్కొక్కటీ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా మారుతుంది. ఒత్తులు, గుణింతాలు, సున్నా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘వ్యాకరణం’ ఒక్కటే 72 గుర్తులవుతుంది. తెలుగు మీద ప్రేమ ఉండి కూడా ఇక్కడ నేను ఇలాగే చెబుతాను, ఎందుకంటే ఆ చిరునామాను మనిషి చదవలేడు. రేపు ‘వ్యాకరణం’ కాస్తా ‘భాష’ అయినా చిరునామాను కదపకండి, కదిపితే పాత చందాలు తెగిపోవచ్చు.

రెండో జవాబు ఇచ్చినవారు:

ఫీడ్‌లో టపా మొత్తం ఇవ్వండి, ముఖ్యంగా పద్యాల వర్గానికి. సారాంశం అని పెడితే వర్డ్‌ప్రెస్ మామూలుగా మొదటి 55 మాటలు తీసుకుని, మధ్యలో ఉన్న అమరికను తీసేస్తుంది. నాలుగు పాదాలూ ఒకే వాక్యంలా కలిసిపోతాయి. యతి స్థానం ఎక్కడుందో ఎవరూ పట్టుకోలేరు. సారాంశమే కావాలనుకుంటే ప్రతి టపాకీ మీరే విడిగా రెండు వాక్యాలు రాసిపెట్టండి, పద్యం మాత్రం అందులో వద్దు.